ఆ పసుపు కాలు నాది

మా అమ్మ ముఖ్యమైన మాటను ఎప్పుడూ ఫోన్ పెట్టేసే ముందు చెబుతుంది. ప్రతి ఆదివారం పొద్దున పది గంటలకు ఆర్మూరు నుంచి నేను టీచరుగా ఉంటున్న ఇందల్వాయిలో, బస్టాండు పక్కనున్న ఎస్టీడీ బూత్‌కు ఫోన్ చేస్తుంది. నేను పావుగంట ముందే వెళ్ళి అక్కడి స్టూలు మీద కూర్చుంటాను. ఆ ఆదివారం కూడా అలాగే కూర్చున్నాను. తమ్ముడి దగ్గు సంగతి చెప్పింది, మామిడికాయ తొక్కు ఎవరి చేత పంపాలో అడిగింది, పక్కింటి వాళ్ళ బర్రె ఈనిన కబురు చెప్పింది. ఇక ఉంటానంటుందనుకున్నాను. "అన్నట్టు బిడ్డా, ఓవర్సీర్ సాబ్ పోయిండు. శుక్రవారం నాడు. గదే రోజు మట్టి గూడ అయిపాయె" అంది.

"ఎట్ల పోయిండమ్మా?"

"నిద్రల్నే పోయిండంట. పొద్దుగాల పాలాయన తలుపు కొట్టి కొట్టి కిటికీల నుంచి చూసిండు. ఒంటి మనిషాయె, ఎవ్వలున్నరు చెప్పెతందుకు" అంది. ఆ తరువాత తొక్కు సంగతి మళ్ళీ అడిగింది. నేనేదో జవాబు చెప్పాను. ఏం చెప్పానో ఇప్పుడు గుర్తు లేదు.

ఆర్మూరు వాళ్ళకు ఆయన ఎవరో చెప్పక్కర్లేదు. కానీ వాళ్ళకు తెలిసిన మనిషి వేరు, ఉన్న మనిషి వేరు. ఎనభైల నడుమ నుంచి ఆయన మీద ఒక మాట ఉంది. కల్లం తాత కాలికి మంత్రం పెట్టింది ఆయనేనన్న మాట. ఆయన పోయేనాటికి అది అబద్ధమని తెలిసిన వాళ్ళు ఇద్దరే. ఒకరు ఓవర్సీర్ సాబ్, ఇంకొకరు నేను. ఇప్పుడు నేనొక్కదాన్నే మిగిలాను కాబట్టి ఇది రాస్తున్నాను. ఆయన బతికుండగా రాయవలసింది. రాయలేదు.

కాలువల పని చేసి రిటైరై మా వాడకు వచ్చేసరికే ఆయన ఒంటరి. భార్య పోయింది, పిల్లలు లేరు. పసుపు మార్కెట్టు వెనుక సందులో, మా ఇంటికి నాలుగిళ్ళ అవతల రెండు గదుల ఇల్లు, ముందు నడుమెత్తు గోడ. తెల్ల పైజామా, రబ్బరు చెప్పులు. చొక్కా జేబులో అందరూ పెన్ను పెట్టుకుంటే ఆయన రసమట్టం పెట్టుకునేవాడు. వేలెడంత గాజు గొట్టం, లోపల గాలిబుడగ. ఎవరింటికి వెళ్ళినా ముందు దాన్ని అరుగు మీద పెట్టి చూసి, "మీ అరుగు తూర్పుకు దిగింది" అని చెప్పి, అప్పుడు కూర్చునేవాడు. ఇంటివాళ్ళకు ఒళ్ళు మండేది. రంజాన్ పండుగ నాడు మాత్రం ఆ ఇళ్ళన్నిటికీ స్టీలు డబ్బాల్లో సేమ్యా పాయసం తనే మోసుకొచ్చి ఇచ్చేవాడు.

ఆయనకున్న స్నేహితుడు ఒక్కడే, కల్లం తాత. మా వాడ చివర పెద్ద పసుపు కల్లం ఉండేది. పొలం నుంచి తెచ్చిన పసుపును పెద్ద కడాయిల్లో ఉడకబెట్టి అక్కడ ఎండబోసేవాళ్ళు. దాని యజమానిని పిల్లలమంతా కల్లం తాత అనేవాళ్ళం. ఓవర్సీర్ సాబ్ దగ్గరుండి తవ్వించిన పిల్లకాలువతోనే ఆయన పొలానికి మొదటిసారి నీళ్ళు పారాయట. అప్పటి దోస్తీ. రోజూ సాయంత్రం ఇద్దరూ ఆ గోడ మీద కూర్చుని సాసర్లలో చాయ్ పోసుకుని తాగేవాళ్ళు. మాటలు పెద్దగా ఉండేవి కావు. ఒకరినొకరు "నువ్వు" అనుకునేవాళ్ళు. ఓవర్సీర్ సాబ్‌ను నువ్వు అనే మనిషి మా వాడలో ఇంకొకరు లేరు.

పిల్లలకు ఆడుకునే జాగా ఉండేది కాదు. మార్కెట్టులో బస్తాల మీద ఎక్కితే హమాలీలు తరిమేవాళ్ళు. సడక్ మీద లారీలు. అటూ ఇటూ తరిమించుకుని అందరూ చివరకు ఓవర్సీర్ సాబ్ గోడ కింద చేరేవాళ్ళు. ఒక రోజు ఆయన సాసర్ పక్కన పెట్టి, "మీకు ఏం గావాల్రా?" అని అడిగాడు. మమ్మల్ని ఆ మాట అంతకుముందు ఎవరూ అడిగి ఉండలేదు. ఏదో తప్పు చేశామనుకుని ఇద్దరు లేచి పరుగెత్తారు కూడా.

మరుసటి రోజు మళ్ళీ అడిగాడు. ఆ మరుసటి రోజు కూడా. నాలుగో రోజుకు ఒక బక్కపిల్లవాడు, "మా అమ్మ పిలిస్తె ఇనపడని జాగ గావాలె" అన్నాడు. అందరం నవ్వాం. ఓవర్సీర్ సాబ్ నవ్వలేదు. నోటుబుక్ తీసి రాసుకున్నాడు. రాసుకుంటున్నాడని చూశాక ఇక ఎవరూ ఆగలేదు. ఎత్తు నుంచి దుంకితే దెబ్బ తాకకూడదు. మట్టిలో ఆడితే తిట్టకూడదు. విరగ్గొట్టినా ఎవరూ ఏమీ అనని కొమ్మ ఒక్కటైనా ఉండాలి. ఎండాకాలం కాళ్ళు పెట్టుకోవడానికి నీళ్ళు పారాలి. ఉయ్యాల కావాలని, జారుడుబండ కావాలని ఒక్కరూ అడగలేదు. పంచాయతీ మెంబరొకాయన అటుగా పోతూ ఆగి, "ఇనుప జారుడుబండ ఒకటి పెట్టిస్తె అయిపోతది గద సాబ్, ఇంత రాసుడెందుకు" అన్నాడు. "మే నెలల మిట్టమధ్యాహ్నం దాని మీద మీరు ఒకసారి కూసోని చూపెట్టుండ్రి. తర్వాత పెట్టిద్దాం" అన్నాడు ఓవర్సీర్ సాబ్. ఆ మెంబరు మళ్ళీ ఆ ఊసెత్తలేదు.

ఒక సెలవు రోజు మమ్మల్నందరినీ గుట్ట దగ్గరకు తీసుకెళ్ళాడు. ఆర్మూరు గుట్టంటే నల్ల బండలు ఒకదాని మీద ఒకటి ఎవరో తొందరలో పెట్టి వెళ్ళినట్టుంటాయి. "మీకు యాడ మంచిగనిపిస్తె గాడ కూసోండ్రి" అని చెప్పి, తను కింద నిలబడి ఎవరు ఎక్కడ కూర్చున్నారో రాసుకున్నాడు. చదునుగా ఉన్నచోట ఎవరూ కూర్చోలేదు. రెండు బండల సందులో, వంగి ఉన్న రాయి కింద, గాలి కొట్టే అంచు మీద కూర్చున్నారు. "దేవుడు పెట్టినట్టే పెడదాం, మనం కొత్తగ చేసేది ఏం లేదు" అన్నాడు. నేను ఎక్కడా కూర్చోలేదు. కింద అందరి చెప్పులకు కాపలా ఉన్నాను.

నా కాలి సంగతి చెప్పలేదు కదా. రెండేళ్ళప్పుడు జ్వరం వచ్చి నా కుడికాలు చిక్కిపోయింది. ఎడమకాలు పెరిగింది, అది పెరగలేదు. నడిచేటప్పుడు కుడిచేత్తో తొడను అదిమి పట్టుకుంటాను. మా వాడ పిల్లలు చెడ్డవాళ్ళేం కాదు. ఆటలో నన్ను రానివ్వం అని ఎవరూ ఎప్పుడూ అనలేదు. నేను అడగలేదు, వాళ్ళు అనలేదు. చెప్పులకు, పుస్తకాల సంచులకు నేనుంటానని అందరికీ ధీమా. ఓవర్సీర్ సాబ్ అందరినీ అడిగినట్టే నన్నూ అడిగితే, "నాకేం వద్దు తాతా" అన్నాను.

కల్లం తాత కల్లం ఇస్తానన్నాడు. "పసుపు ఆరే మూడు నెలలు ఇడిసిపెడితె ఏడాదంత ఖాళీగనే ఉంటది గద. ఆడుకోనీ" అన్నాడు. నడుమ గుంతలు తవ్వకూడదు, రాళ్ళూ మట్టిదిబ్బలూ అంచుల్లోనే పెట్టాలి. ఆయన పెట్టిన షరతు అదొక్కటే. ఆ రోజుల్లోనే ఆయన కుడి మోకాలు వాచింది. నిజామాబాద్ దవాఖానకు రెండుసార్లు పోయి వచ్చినా తగ్గలేదు. అయినా సాయంత్రం కుంటుకుంటూ వచ్చి, గోడ మీద కూర్చుని, పిల్లలు చెప్పేవన్నీ వింటూ ఉండేవాడు.

ఓవర్సీర్ సాబ్ దేన్నీ కాగితం మీద గీసేవాడు కాదు. "కాగితం మీద ఎవ్వలు ఆడుకోరు బేటా. జమీన్ మీద ఆడుకుంటరు" అనేవాడు. కాలువ తవ్వే ముందు అది పోయే దారంతా నేల మీద సున్నంతో గీత పోసి, దాని వెంట రోజంతా నడిచి చూడటం ఆయనకు అలవాటు. అలాగే కల్లంలో కూడా సున్నం డబ్బా పట్టుకుని, ఇక్కడ బండ, ఇక్కడ దిబ్బ, ఇక్కడ నీటి పాయ అని గీతలు పోశాడు. పిల్లలు ఆ గీతల మీద దూకి చూసి, గిది దూరమయింది, గది ఇరుకయింది అని చెప్పేవాళ్ళు. ఆయన చెప్పుతో తుడిచి మళ్ళీ పోసేవాడు.

ఒక సాయంత్రం, "ఎంత బొంద తవ్వితె మీరు పడతరో, ఎంత ఎత్తు పెడితె మీ చెయ్యి అందుతదో నాకేం ఎర్క? పండుండ్రి" అన్నాడు. ఒక్కొక్కరూ చేతులు చాపి నేల మీద పడుకుంటే, ఒంటి చుట్టూ సున్నం పోశాడు. చక్కిలిగింతలకు అందరూ ఒకటే నవ్వు. చివరకు నా వైపు తిరిగాడు.

"నువ్వు గూడ పండు బేటా."

"నాకేం వద్దంటి గద తాతా."

"ఏం వద్దన్నోళ్ళకు గూడ కొలత ఉంటది."

కల్లం మూలన, పసుపు కొమ్ముల పైపొట్టు పోగొట్టే తిరుగుడు డ్రమ్ము పక్కన పడుకున్నాను. సున్నం మెడ పక్కన చల్లగా పడింది. ఆయన టేపుతో నా రెండు కాళ్ళనూ వేరువేరుగా కొలిచి రాసుకున్నాడు. లేచి చూస్తే ఎనిమిది బొమ్మలు. ఏడు మంచిగా ఉన్నాయి. ఎనిమిదో బొమ్మకు కుడికాలు పుల్లలా, పొట్టిగా ఉంది. నా కాలిని నేనెప్పుడూ పైనుంచి అలా చూసుకోలేదు. "గిది ఎవలిదో చెప్పకున్నా ఎర్కనే" అని ఒక పిల్ల నవ్వింది. ఆ మాటలో విషం లేదు. అయినా ఆ రోజు నేను అన్నం తినలేదు.

మర్నాడు తెల్లవారగానే, మా అమ్మ వాకిలి ఊడుస్తుండగా, నేను కల్లానికి వెళ్ళాను. బొమ్మలు అలాగే ఉన్నాయి. తుడిచేద్దామనే వెళ్ళాను. కానీ తుడిస్తే ఏడే మిగులుతాయి, ఎనిమిదోది ఎవరిదో అప్పుడూ తెలుస్తుంది. డ్రమ్ము కింద పోయిన ఏటి పసుపు పొట్టు దుమ్ముగా పేరుకుని ఉంది. గుప్పిళ్ళతో తెచ్చి, కుడికాలి గీతకు అవతల పోసి, రెండో కాలంత చేశాను. జానతో కొలిచి, మడమ దిద్దాను, వేళ్ళు దిద్దాను. తరువాత దూరంగా నిలబడి చూశాను. ఎంత బాగుందో చెప్పలేను. నాకు తెలిసి నేను రెండు కాళ్ళతో ఉన్నది ఆ ఒక్క పొద్దున, ఆ నేల మీద.

పసుపూ సున్నమూ తడి తగిలి కలిస్తే ఎర్రబారుతాయని ఆర్మూరులో పుట్టిన పిల్లకు ఎవరూ చెప్పక్కర్లేదు. నాకూ తెలుసు. కానీ ఆ పొద్దున గుర్తు రాలేదు. ఆ చలికాలం మంచు ఎక్కువగా కురిసింది, నేలంతా తడి. నేను ఇంటికి వచ్చి మొహం కడుక్కునే లోపే ఆ కాలి అంచంతా నెత్తురు రంగుకు తిరిగి ఉంటుంది. అదే పొద్దున కల్లం తాత కోడళ్ళు ఆ ఏటి మొదటి ఉడుకుడు పసుపు ఎండబోయడానికి గంపలతో వచ్చారు. మిగతా బొమ్మలు అప్పటికే మేకల కాళ్ళ కింద సగం చెరిగిపోయాయట. మూలనున్నది మాత్రం చెక్కుచెదరకుండా ఉంది. తెల్లటి మనిషి, పసుపు కాలు, దాని చుట్టూ ఎరుపు. అది కుడికాలు. ఆ ఇంటి పెద్దకు వాచిందీ కుడికాలే.

వాళ్ళ కేకలకు వాడంతా వచ్చింది. నేనూ వచ్చాను. నా చేతులు ఇంకా పచ్చగానే ఉన్నాయి. లంగాలో దాచుకున్నాను కానీ, దాచకపోయినా ఎవరూ చూసేవారు కాదు. మా ఊళ్ళో పసుపు అంటని చేయి ఎవరిది? "మంత్రం బెట్టిండ్రు" అన్న మాట ఎవరు మొదట అన్నారో తెలియదు. క్షణంలో అందరి నోటా అదే.

కల్లం తాత కర్ర పట్టుకుని వచ్చాడు. బొమ్మను చూశాడు. తన కాలిని చూసుకున్నాడు. ఓవర్సీర్ సాబ్‌ను పిలవమన్నాడు. ఆయన చాయ్ గ్లాసుతోనే వచ్చాడు.

"సున్నం గీతలు నావే పటేలా. పిల్లల కొలతలు. నిన్న నువ్వు గూడ చూస్తివి గద" అన్నాడు.

"సున్నం సంగతి అడుగుత లేను. పసుపు ఎవలు పోసిండ్రు?"

ఓవర్సీర్ సాబ్ గ్లాసు కింద పెట్టి, బొమ్మ పక్కన కూర్చుని, జానతో రెండు కాళ్ళూ కొలిచాడు. రెండూ సమంగా ఉన్నాయి. సమంగా ఉన్నాయి కాబట్టే అది నాదని వాడలో ఒక్కరికీ, ముందురోజు నవ్విన పిల్లకు కూడా, అనుమానం రాలేదు. ఆయన నోటుబుక్కు కోసం జేబులో చేయి పెట్టి, తీయకుండానే చేయి బయటకు తెచ్చుకున్నాడు. తల ఎత్తాడు. గుంపులో అందరినీ చూశాడు, నన్ను తప్ప. నా వైపు చూపు పోకుండా ఆయన ఎంత జాగ్రత్త పడుతున్నాడో నాకు తెలుస్తూనే ఉంది.

"గది గూడ నేనే" అన్నాడు.

"ఎందుకు?"

"కొలత తప్పు వచ్చింది. సరిజేసిన."

"ఒక్క కాలుకేనా తప్పొచ్చింది? కుడికాలుకేనా?"

ఆ ప్రశ్నకు జవాబు చెప్పవలసింది నేను. పది అడుగుల దూరంలో ఉన్నాను. ఒక్క మాట చెబితే అయిపోయేది. ఆ మాట చెప్పాలంటే వాడంతటి ముందూ నా కాలిని చూపించాలి, అది నచ్చక దిద్దుకున్నానని చెప్పాలి. పదేళ్ళ పిల్లకు అది చావు లాగే అనిపించింది. చేతులను లంగాలో ఇంకా లోపలికి దాచుకున్నాను.

కల్లం తాత చెడ్డవాడు కాదు. ఆయన గొంతు కూడా పెంచలేదు. "మీరు నాకు నీళ్ళిచ్చిండ్రు సాబ్. మిమ్ముల ఒక్క మాట అనను. గని ఇగ నా కల్లంల పిల్లలు వద్దు, గీతలు వద్దు" అన్నాడు. మంత్రమన్నా చలించని ఓవర్సీర్ సాబ్ మొహం ఆ "మీరు" దగ్గర పాలిపోయింది. కింద పెట్టిన గ్లాసు మరిచిపోయి ఇంటికి వెళ్ళిపోయాడు.

ఆ సాయంత్రం నుంచి గోడ మీద ఆయన ఒక్కడే. నెల తిరక్కుండానే కల్లం తాత మోకాలు వాపు దానంతటదే తగ్గింది. తగ్గినందుకైనా మాట పోవాలి కదా. "సాబ్ భయపడి వాపసు తీసుకున్నడు" అన్నారు. దాంతో ఉన్న కాస్త అనుమానం కూడా తీరి, ఆయనకు పేరు స్థిరపడిపోయింది. తల్లులు పిల్లలను అటు పోనివ్వలేదు. మరి ఇంకొందరేమో చీకటి పడే వేళకు కొంగు కప్పుకుని నిమ్మకాయలతో ఆయన తలుపు తట్టడం మొదలుపెట్టారు. "ఇటియ్యమ్మా, షర్బత్ చేసుకుందాం" అని ఆయన నిమ్మకాయ తీసుకుని లోపలికి పోయేవాడట. మా వెనకింటి ఆమె భర్త దుబాయ్ పోయి ఏడాదిగా ఉత్తరం రాయలేదు. మంత్రం వేసి రాయించమని ఈమె ఆయన కాళ్ళ మీద పడింది. ఆయన కూర్చోబెట్టి, ఆమె చెప్పిందంతా నాలుగు పేజీల ఉత్తరం రాసి, తనే పోస్టు చేసి వచ్చాడు. దుబాయ్ నుంచి జవాబు వచ్చింది. ఇక చెప్పేదేముంది, మంత్రం పారిందన్నారు.

వారం రోజుల తరువాత నేను ధైర్యం చేసి గోడ దగ్గరకు వెళ్ళాను. ఎలా మొదలుపెట్టాలో తెలియక నిలబడ్డాను. "తాతా, గా పసుపు..." అన్నాను.

"చెప్తె నీకు దెబ్బలు పడతయి. నాకేం పడతయి బేటా, ముసలోన్ని" అన్నాడు. "పో, చదువుకో."

నాకు ప్రాణం లేచొచ్చింది. ఆ సంగతి దాచకుండా రాస్తున్నాను. ఏడవలేదు, బతిమాలలేదు. దెబ్బలు తప్పాయని గెంతలేకపోయినా గెంతినంత సంతోషంతో ఇంటికి వచ్చాను. ఆయనకు పడినవేమిటో నాకు తెలిసేసరికి చాలా ఏళ్ళు పట్టింది. కల్లం తాత రోజూ అదే దారిలో పోయేవాడు. గోడ దగ్గరకు రాగానే తలపాగా సర్దుకునేవాడు. ఓవర్సీర్ సాబ్ అదే సమయానికి రసమట్టం తీసి గోడ మీద పెట్టి చూసుకునేవాడు. ఆ గోడ ఏ వైపు దిగిందో ఆయనకు ఎన్నో ఏళ్ళుగా తెలుసు.

ఆటస్థలం మాట ఆయన వదల్లేదు. గుట్ట కింద ఎవరికీ పనికిరాని రాళ్ళ జాగా ఒకటుంటే, పంచాయతీ చుట్టూ తిరిగి అడిగి తీసుకున్నాడు. మొదట్లో ఒక్కడే పారతో వెళ్ళేవాడు. తల్లుల కళ్ళు కప్పి ఇద్దరు, ముగ్గురు పిల్లలు వెళ్ళారు. వాళ్ళ అమ్మల కేకలు అక్కడికి వినపడేవి కావు. ఆ బక్కపిల్లవాడు అడిగింది మాత్రం అలా తేలిగ్గానే దొరికింది. రెండు ఎండాకాలాలు పట్టిందని విన్నాను. విన్నానే కానీ వెళ్ళలేదు. ఆరో తరగతికి నన్ను నిజామాబాద్ హాస్టల్లో వేశారు. సెలవులకు వచ్చి ఆయన ఇంటి ముందు నుంచి పోతుంటే, "బేటా, ఒకసారొచ్చి చూసిపో. నీతోని పని ఉన్నది" అనేవాడు. "వస్త తాతా" అనేదాన్ని. దసరాకు అన్నాను, ఎండాకాలం సెలవులకు అన్నాను. ఆ తరువాత ఆయన పిలవడం మానేసి, చేయి మాత్రం ఎత్తేవాడు. నేనూ చేయెత్తేదాన్ని. నాకు ఆయన్ని చూస్తే భయం. ఆయన ఏదో అంటాడని కాదు, ఏమీ అనడని.

నేను డిగ్రీలో ఉండగా కల్లం తాత పోయాడు. శవాన్ని తీసుకుపోతుంటే ఓవర్సీర్ సాబ్ తన గోడ పక్కన నిలబడ్డాడు. అందరూ సాగిపోయాక, చాలా వెనుకగా, ఒక్కడే నడిచి వెళ్ళాడు. నేను మా గడపలో నుంచి చూశాను. ఆ రోజైనా ఎవరికైనా చెప్పి ఉండవచ్చు. వినవలసిన మనిషి పాడె మీద ముందు పోతున్నాడు కదా అనుకుని ఊరుకున్నాను.

ఫోన్ వచ్చిన ఆదివారమే బస్సెక్కవలసింది. ఎక్కలేదు. వారమంతా బడిలో పిల్లలకు ఎక్కాలు చెబుతూ గడిపి, తరువాతి ఆదివారం వెళ్ళాను. "ఇప్పుడొచ్చి ఏం చూస్తవే?" అంది అమ్మ. పొయ్యి ముందు కూర్చుని, ఆ పొద్దున జరిగిందంతా చెప్పాను. అమ్మ కూరలో గంటె ఆపి విన్నది.

"గప్పుడే చెప్తె ఏమయ్యేదే?" అంది.

"నువ్వు కొట్టేదానివి."

"గంతే గద బిడ్డా" అంది అమ్మ.

మళ్ళీ గంటె తిప్పడం మొదలుపెట్టింది. అంతకన్నా ఏమన్నా అని ఉంటే బాగుండేది.

మధ్యాహ్నం ఖబ్రస్తాన్‌కు వెళ్ళాను. కొత్త మట్టి, మీద ఎవరో పెట్టిన ఒక కొమ్మ, ఎండిపోయింది. వినేవాడు లేనప్పుడు చెప్పడం సులువనుకున్నాను, కాదు. అక్కడి నుంచి గుట్ట కిందికి నడిచాను. మొదటిసారి.

చిన్న జాగా. ఇనుము ముక్క లేదు. మట్టిదిబ్బలు గడ్డి పట్టి ఉన్నాయి. నీటి పాయ ఎండిపోయి, అందులో ఇద్దరు చంటిపిల్లలు కూర్చుని మట్టి తింటున్నంత పని చేస్తున్నారు. నడుమ రెండు నిలువుల నల్లబండ, దాని మీదికి రాతిమెట్లు. పది పన్నెండు మంది పిల్లలు ఎక్కడం, అవతలి దిబ్బ మీదికి దూకడం, మళ్ళీ తిరిగి రావడం. ఆ మెట్లు చూసి నాకు విచిత్రమనిపించింది. ఎడమ వైపు రాయి ఎత్తుగా ఉంది. కుడి వైపుది చాలా తక్కువ ఎత్తు. మళ్ళీ ఎడమ వైపుది ఎత్తు, కుడి వైపుది తక్కువ. పై దాకా అంతే. పక్కన కుడిచేతికి అందేలా బండలోకి గుంటలు చెక్కి ఉన్నాయి. అరుగు వాలినా ఓర్చుకోలేని మనిషి మెట్లు ఇలా ఎందుకు వేశాడు?

ఒక పిల్ల ఎక్కడం మొదలుపెట్టింది. ఎడమకాలితో బలంగా పైకి లేచింది. కుడికాలు కొద్దిగా ఎత్తి పెట్టింది. ఒళ్ళు కుడివైపు వాలింది, కుడిచేయి గుంటను పట్టుకుంది, మళ్ళీ ఎడమకాలు. ఆ వాలు నాకు తెలుసు. అద్దంలో, అంగడి గాజు తలుపుల్లో, పొద్దువాలిన నీడలో నన్ను నేను చూసుకున్నదే. కిందికి వచ్చాక ఆ పిల్లను పిలిచి, "గట్ల వాలుకుంట ఎక్కుతవేందే?" అని అడిగాను.

"గీ మెట్లు గిట్లనే ఎక్కాలక్కా. సక్కగ ఎక్కితె పడతం" అంది. నా నడకను చూసింది. ఆమెకు అందులో వింతేమీ కనిపించినట్టు లేదు. "నువ్వు ఎక్కుతవా? లైన్ల నిలవడు" అంది.

నిలబడ్డాను. నా ముందు ఏడుగురు ఉన్నారు. రెండు కాళ్ళూ చక్కగా ఉన్న పిల్లలు. ఒకరి వెనుక ఒకరు, ఎడమకాలు ఎత్తి, కుడికాలు ఈడ్చి, కుడివైపు వాలి, అందరూ నాలాగే ఎక్కుతున్నారు.